పొందూరని రాసిందల్లా పొందూరేనా?

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ తొలి సంచిక వెలువడింది. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడనే లేదు. విజయవాడలో అచ్చయిన పత్రికలు రైలెక్కి ఉత్తరాంధ్రకు చేరేసరికి పొద్దెక్కిపోయే రోజులవి. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడే అలవాటు చేయడంతో ఆ పేరు జనం నోళ్ళలో బాగా నానింది. ఇరవై ఏళ్ళు తిరిగాక అదే పేరు అగరుబత్తీ ప్యాకెట్ మీద కనిపించింది.

ఆ అగరుబత్తీలు బెంగళూరువి. ఆశిక ఇన్సెన్స్ అనే సంస్థ వాటిని ‘ఆశికాస్ ఈనాడు’ అన్న పేరుతో అమ్మింది. పేరు ఒక్కటే అయితే గొడవ ఇంత ముదిరేది కాదేమో, అక్షరాల ఒంపులు కూడా అచ్చం పత్రిక తలకట్టులో ఉన్నట్టే ఉన్నాయి. ఈనాడు యజమాని ఉషోదయ ఎంటర్‌ప్రైజెస్ 1999లో హైదరాబాద్ సివిల్ కోర్టుకెక్కింది. అగరుబత్తీల వాళ్ళ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఈనాడన్నది నిఘంటువులో ఉన్న మామూలు మాట, కన్నడంలోనూ దానికి అర్థం ఉంది, వాడుకలో ఉన్న మాట మీద ఒకరికే పట్టా రాసివ్వడమేమిటి? పైగా పేపరుకీ అగరుబత్తీకీ ఏం పొత్తు? పేపరు కొనబోయి అగరుబత్తీ కొనేవాడెవడు?

కేసు హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. 2011 మార్చి 3న తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుకున్న పలుకుబడి అసాధారణమైనదనీ, ఇక్కడ ఆ పేరుతో అగరుబత్తీ అమ్మితే పత్రిక వాళ్ళే అమ్ముతున్నారని జనం అనుకుంటారనీ కోర్టు తేల్చింది. అందుకని రాష్ట్రంలో అమ్మడానికి వీల్లేదంది. తెలంగాణ విడిపోని రోజులు కాబట్టి తెలుగునేల అంతా ఆ తీర్పు కిందికే వచ్చింది. నిషేధం మాత్రం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగింది. అంటే ఇచ్ఛాపురంలో తప్పయిన పేరు, ఆ పక్కనే ఒడిశాలోని బరంపురంలో తప్పు కాదు.

ఇదేం న్యాయం అనిపించవచ్చు. కానీ ట్రేడ్‌మార్క్ చట్టం మనసు తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. చట్టం మొదట చూసేది కొనేవాడి వైపు. ఆ పేరు చూసి కొనేవాడు ఎవరిని తలచుకుంటాడు? ఎవరి సరుకనుకుని డబ్బు తీసిస్తాడు? తెలుగు రానిచోట ఈనాడన్న పేరుకు ఏ జ్ఞాపకమూ లేదు. జ్ఞాపకం లేనిచోట మోసపోవడమూ లేదు.

ఈ ఆలోచన పాతదే. ‘అమృత్‌ధార’ అనే మందు వాళ్ళు ‘లక్ష్మణ్‌ధార’ మీద అభ్యంతరం చెప్పిన కేసు 1962లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. రెండు పేర్లనూ విడగొట్టి, భాషాశాస్త్రం విప్పి చూడటం మందు కొనేవాడి పని కాదని కోర్టు అంది. సగటు తెలివీ సగం జ్ఞాపకం ఉన్న మనిషికి రెండూ ఒకేలా తోస్తే చాలు. అయితే లక్ష్మణ్‌ధార ఎన్నో ఏళ్ళుగా అమ్ముడవుతున్నా ఎదుటివాళ్ళు ఊరుకున్నారు కాబట్టి, ఒక్క ఉత్తరప్రదేశ్ వరకూ దాన్ని ఉండనిచ్చారు. అక్కడా సరిహద్దే గీత.

బిస్కెట్ల కేసు ఇంకా రుచిగా ఉంటుంది. పార్లే గ్లూకో బిస్కెట్ల కాగితం మీద ఒక పొలం ఇల్లు, నడుమ నీళ్ళ బాల్చీ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్ళు ఉండేవి. మైసూరుకు చెందిన మరో కంపెనీ కాగితం మీదా ఆవులున్నాయి, కోళ్ళున్నాయి, అమ్మాయీ ఉంది. కాకపోతే ఈ అమ్మాయి నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి, అన్నం మూట. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెడితే తేడాలు ఏకరువు పెట్టవచ్చు. 1972లో సుప్రీంకోర్టు పెట్టవద్దంది అదే. బిస్కెట్ ప్యాకెట్ కొనేవాడు పాత కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళడు. కాగితం సైజూ రంగుల పొందికా ఒకటే, బొమ్మ తీరూ ఒకటే. బాల్చీయో గడ్డిమోపో ఎవడికి గుర్తుంటుంది?

నకళ్ళు తీసేవాళ్ళకు ఈ సంగతి వకీళ్ళ కంటే బాగా తెలుసు. బస్టాండులో బస్సు కదలబోతుంటే కిటికీలోంచి చేయి చాచి అందుకునే నీళ్ళ సీసా చూస్తే చాలు. పచ్చరంగు చీటీ, తెల్లటి అక్షరాలు, పేరున్న కంపెనీ పేరులో ఒక్క అక్షరం మాత్రం తేడా. తొందరలో ఉన్న మనిషి అక్షరాలు చదవడు, రంగు చదువుతాడు. సబ్బులు, టీపొడి, అగ్గిపెట్టెలు, తలనొప్పి మందులు ఊరి సంతలో ఇలాగే చెల్లిపోతుంటాయి. పోయేది పదో ఇరవయ్యో అని ఎవరూ పట్టించుకోరు.

మందుల దగ్గర మాత్రం పోయేది డబ్బు కాదు. సీతంపేట, పార్వతీపురం మన్యంలో మలేరియా అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అందులోనూ ఫాల్సిపేరం రకం మెదడుకెక్కితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఆ జబ్బుకే 1996లో కాడిలా హెల్త్‌కేర్ అనే కంపెనీ ‘ఫాల్సిగో’ పేరుతో ఒక ఇంజెక్షన్ తెచ్చింది. రెండేళ్ళకు కాడిలా ఫార్మాస్యూటికల్స్ అనే మరో కంపెనీ ‘ఫాల్సిటాబ్’ అని ఒక బిళ్ళ తెచ్చింది. ఒకప్పటి ఒకే కాడిలా నుంచి విడిపోయిన దాయాదులివి. రెండు పేర్లకూ మూలం జబ్బు పేరే, కానీ లోపలి మందులు వేరు. డాక్టరు రాస్తేనే ఇచ్చే మందులు కదా, పొరబాటు ఎలా జరుగుతుందని కింది కోర్టులు నిషేధం ఇవ్వలేదు.

2001లో సుప్రీంకోర్టు ఈ ధీమాను ఒప్పుకోలేదు. డాక్టర్లూ మందుల షాపువాళ్ళూ కూడా పొరబడతారు. ఈ దేశంలో అందరికీ ఒకే భాష లేదు, ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు కొద్దిమంది. అలాంటిచోట పరాయిదేశపు కొలతలు పనికిరావు, మందుల పేర్ల విషయంలో మామూలు సరుకుల కంటే కఠినంగా ఉండాలని సూత్రాలు చెప్పి, వాటి ప్రకారం విచారించమని కేసును వెనక్కి పంపింది. తెల్లకాగితం మీద డాక్టరు గీసిన గీతలు పట్టుకుని మన్యం నుంచి దిగివచ్చే సవర, జాతాపు కుటుంబాలను తలచుకుంటే ఆ తీర్పు విలువ తెలుస్తుంది. దేశమంతటా ట్రేడ్‌మార్క్ కేసుల్లో వకీళ్ళు నేటికీ ఎత్తిచూపే తీర్పుల్లో ఇదొకటి.

ఇంటర్నెట్ వచ్చాక తగువు కొత్త వీధికి మారింది. డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్స్ పేరును తలపించే వెబ్ చిరునామాను వేరొకరు ముందే నమోదు చేసుకుంటే ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళ్ళి 2001లో గెలిచింది. సత్యం వాళ్ళ ‘సిఫీ’ని పోలిన చిరునామాల మీద వచ్చిన కేసులో, వెబ్ చిరునామా కూడా వ్యాపార నామమే, దానికీ రక్షణ ఉందని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతవరకూ చెప్పినవన్నీ కంపెనీల గొడవలు. పేరు ఒకరిది, కాపాడుకోవడానికి వకీళ్ళున్నారు, పన్నెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పేరుమోసిన సరుకుల సంగతి వేరు. పొందూరు ఖాదీ, బొబ్బిలి వీణ, బుడితి కంచు, పలాస జీడిపప్పు... అన్నీ ఊళ్ళ పేర్లే. ఊరి పేరుకు యజమాని ఎవరు?

ట్రేడ్‌మార్క్ చట్టం ఊళ్ళ పేర్లకు దూరంగా ఉంటుంది. సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే మాటను ఒక్కరి సొత్తు చేయడం మామూలుగా కుదరదు. రేపు ఎవరో ఒకాయన ‘పొందూరు’ అన్న మాటను తన పేర రాయించుకుంటే ఆ ఊళ్ళోని మిగతా నేతగాళ్ళు తమ ఊరి పేరు చెప్పుకోడానికి ఆయన్నే అడగాల్సి వస్తుంది. అందుకే ఊరి పేర్ల కోసం వేరే చట్టం చేశారు. అదే భౌగోళిక గుర్తింపు, వాడుకలో జీఐ. ట్రేడ్‌మార్క్ చట్టమూ జీఐ చట్టమూ 1999లోనే తయారయ్యాయి, రెండూ 2003 సెప్టెంబర్ 15న ఒకే రోజు అమల్లోకి వచ్చాయి. ట్రేడ్‌మార్క్‌ను అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, కొడుక్కి రాసివ్వచ్చు. జీఐని ఎవరికీ అమ్మడానికి లేదు. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాదీ హలీమ్‌కు 2010లో వచ్చినవి ఈ గుర్తింపులే.

పొందూరు దగ్గర కొంచెం ఆగాలి. పేరు దొంగిలించడం ఎంత తేలికో, ఆ పేరు సంపాదించడం ఎంత కష్టమో ఒకేచోట కనిపించే ఊరది.

అక్కడి సన్నఖాదీ గిన్నింగు మిల్లులో మొదలవదు. కొండపత్తి, పునాసపత్తి వంటి నాటు రకాల కాయలు ఒలిచి, గింజకు అంటుకుని ఉన్న దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకు వరసగా సన్నటి పళ్ళుంటాయి. ఇనుప దువ్వెనతో పోగు తెగిపోతుంది, ఈ ఎముకతో తెగదు. దూదిలోని నలకా చెత్తా పోయి, పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. ఏకులు చెదిరిపోకుండా ఎండిన అరటి డొప్పలో ఉంచి, అందులోంచే లాగుతూ ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు. వడికేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ చేతుల్లోంచి నూరో నంబరు దాటిన సన్ననూలు వస్తుంది. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నమని లెక్క. అలాంటి నూలుతో మగ్గం మీద నేసిన పంచెను అక్కినేని నాగేశ్వరరావు మక్కువగా కట్టేవారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గాంధీజీ కంటా పడిన బట్ట ఇది. ఊళ్ళో దీన్నంతా చూసుకునేది ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం.

ఇప్పుడు ఇదే పేరుతో బయట దొరికేదాన్ని చూడండి. పండగ ముందు వెలిసే ఎగ్జిబిషన్ స్టాల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో, పట్నం బట్టల కొట్లలో ‘పొందూరు ఖాదీ’ అని చీటీ ఉంటుంది. “ఇది పొందూరుదేనేటి బాబూ?” అని శ్రీకాకుళం మనిషి అడిగితే, “అసలు సిసలు పొందూరేనండీ” అన్న జవాబు ఎప్పుడూ సిద్ధం. ధర చూస్తే, చేప దవడతో దువ్వి చేత్తో వడికిన నూలుకు ఆ వెల ఎలా గిట్టిందో అమ్మేవాడే చెప్పాలి.

ఇందులో రెండు మోసాలున్నాయి. జనం తరచూ కలిపేస్తారు గానీ విడివిడిగా చూడాలి. మొదటిది, ఖాదీ కానిదాన్ని ఖాదీ అనడం. చట్టం ప్రకారం ఖాదీ అంటే చేత్తో వడికిన నూలుతో, చేమగ్గం మీద, మన దేశంలో నేసిన గుడ్డ. నూలు మిల్లుదై మగ్గం చేతిదైతే అది చేనేత. చేనేత గొప్పదే, కానీ ఖాదీ కాదు. మగ్గం కూడా కరెంటుదైతే రెండూ కాదు. రెండో మోసం, ఖాదీయే గానీ వేరే ఊరిదైనదానికి పొందూరు చీటీ అతికించడం. మొదటిదానికి మందు ఖాదీ మార్క్. 2013 నాటి నిబంధనల ప్రకారం ఆ గుర్తు లేకుండా ఏ గుడ్డనూ ఖాదీ అని అమ్మకూడదు. రెండోదానికి మందు జీఐ. పొందూరు ఖాదీ ఆ దారి పట్టింది ఈమధ్యనే. ఇరుగుపొరుగు చేనేతలతో పోలిస్తే ఇది ఆలస్యమే. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది.

ఖాదీ మాటను కాపాడే బాధ్యత ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్‌ది. ఈ విషయంలో కమిషన్ పెద్దవాళ్ళను కూడా కదిపింది. తమ అనుమతి లేకుండా ఖాదీ పేరు వాడుతున్నారంటూ 2018లో ఫ్యాబ్‌ఇండియాకు 525 కోట్ల రూపాయలు కట్టమని నోటీసిచ్చింది. ఆరోపణ నిజమో కాదో తేల్చాల్సింది కోర్టే గానీ, ఒక మాట ఖరీదు ఎంతని ఖాదీ కమిషన్ అనుకుంటోందో ఆ అంకె చెబుతుంది. యూరప్‌లో మరో పేచీ. ఒక జర్మన్ కంపెనీ తలనూనెలు, సబ్బుల వంటి వాటికి ‘ఖాదీ’ పేరును అక్కడ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుంది. స్వరాజ్య ఉద్యమపు మాట జర్మనీలో ఒకరి సొంతమైతే, అడ్డుపడటానికి మన కమిషన్ ఏళ్ళ తరబడి అక్కడి కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశంలోనే పుడుతుంది. ఇక్కడి పత్రం అక్కడ చెల్లదు.

ఇంటిదొంగల సంగతీ చెప్పుకోవాలి. ముంబై డి.ఎన్. రోడ్డులో 1954 నుంచి నడుస్తున్న ఖాదీ ఎంపోరియంలో ఖాదీ కానివి అమ్ముతున్నారని 2022లో ఖాదీ కమిషనే దాన్ని నడిపే సంస్థ గుర్తింపు రద్దు చేసింది. ‘ఖాదీ’ అని బోర్డు చూసి దేశమంతటి నుంచీ వచ్చినవాళ్ళు నమ్మకంతో మెట్లెక్కిన కొట్టు అది. నకలు సంతలోనే దొరుకుతుందన్న భరోసా కూడా లేదన్నమాట.

బొబ్బిలిలో గొడవ ఇంకో రకంగా ఉంటుంది. వీణలు చేసే కళాకారులు ఉండేది పట్టణానికి ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో. పనస మాను ఎంచి, ఆరబెట్టి, కుండ నుంచి యాళి తల దాకా ఒకే మొద్దులో తొలిచే ‘ఏకాండి’ పనికి వాళ్ళు పెట్టింది పేరు. దండి మీద ఇరవై నాలుగు మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. ఆ కూర్పులో వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం పక్కకుపోతుంది. 2010 దశకం తొలి ఏళ్ళలోనే బొబ్బిలి వీణకు జీఐ వచ్చింది. 2013లో తంజావూరు వీణకూ వచ్చింది. రెండూ సరస్వతీ వీణలే. ఏది గొప్పదన్న వాదన కచేరీ చేసేవాళ్ళకు వదిలేద్దాం. చట్టానికి దానితో పనిలేదు, ఏది ఎక్కడ తయారైందన్నదే దాని ప్రశ్న.

గొల్లపల్లిలో నేడు చేతినిండా పని కల్పిస్తున్నవి ఎక్కువగా బుల్లి వీణలు. సన్మానాల్లో, సభల్లో అతిథుల చేతిలో పెట్టే జ్ఞాపికలు. వాటి మీద కచేరీ చేయలేరు, అయినా అవి నిఖార్సయిన బొబ్బిలి వీణలే, ఎందుకంటే చేసిన చేతులూ చేసిన చోటూ అవే. అదే మాదిరి బొమ్మను మరో ఊళ్ళో యంత్రం మీద చెక్కి అద్దాల పెట్టెలో పెట్టి అదే పేరుతో అమ్మితే, కొన్నాయన బల్ల మీద తేడా కనిపించదు. గొల్లపల్లిలో ఒక ఇంటికి ఆ నెల ఆర్డరు తగ్గిపోతుంది, అంతే. ఈ రకం నష్టం ఏ కోర్టు కాగితాల్లోకీ ఎక్కదు. పెద్ద కంపెనీ అయితే అమ్మకాల పట్టీ చూపించి పరిహారం అడుగుతుంది. చెక్కుడు పని చేసుకునేవాడు రాని ఆర్డరుకు రుజువు ఎక్కడి నుంచి తెస్తాడు?

సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పాత్రలకూ జీఐ ఉంది. గుర్తింపు ఉన్నంత మాత్రాన స్టీలు గిన్నెల ముందు అమ్మకం పెరుగుతుందా అంటే అది వేరే చర్చ.

పలాస జీడిపప్పు దగ్గర ప్రశ్న చిక్కుపడుతుంది. పలాస, కాశీబుగ్గల్లో ఫ్యాక్టరీలు నడవడానికి ఉద్దానం తోటల పిక్క ఒక్కటే సరిపోదు. ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చే పిక్కా ఇక్కడే పగిలి పప్పవుతుంది. మరి ఐవరీకోస్ట్‌లో కాసి కాశీబుగ్గలో ఒలిచిన పప్పును పలాస పప్పు అనవచ్చా? పలాస వ్యాపారులు అనొచ్చంటారు. పిక్కను సరిగ్గా కాల్చడం, గుండు విరగకుండా కొట్టడం, పొర తీయడం, సైజుల వారీగా ఏరడం ఈ ఊరి చేతివాటమే కదా అని వాళ్ళ మాట. డబ్బా మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240 అని ఉండే అంకె పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పేది, అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది. ఉద్దానం రైతు మాత్రం పేరు తమ నేలదీ లాభం ఓడలదీ అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరు ఏ ఊరి పేరు వాడొచ్చో జీఐ కోసం రాసుకునే దరఖాస్తులోనే తేల్చుకోవాలి. పిక్క పండిన చోటు ముఖ్యమా, పప్పు తీసిన చోటా అన్నది ఆ కాగితంలో స్పష్టంగా ఉండకపోతే రేపటి తగవులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇక మాడుగుల హల్వా. మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది గానీ, ఆ పేరు ఉత్తరాంధ్ర హైవే పొడవునా ఉంటుంది. ఒక బోర్డు మీద ‘ఒరిజినల్’, పక్కదాని మీద ‘అసలైన ఒరిజినల్’. ఇలాంటి విశేషణాలకు చట్టంలో చిల్లిగవ్వ విలువ లేదు. అందరూ రాసుకోగలిగిన మాట ఎవరినీ వేరుచేసి చూపదు. మనవాళ్ళు తమ ఫోటో వేసి ‘మాకు వేరే బ్రాంచీలు లేవు’ అని రాసుకోవడం దీనికంటే కొంత మెరుగు.

చిన్న వ్యాపారికి అసలు ఉపయోగపడేది నమోదు. ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ట్రేడ్‌మార్క్ కార్యాలయం చెన్నైలో ఉంది, జీఐ రిజిస్ట్రీ కూడా చెన్నైలోనే. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఒక వ్యక్తి గానీ చిన్న సంస్థ గానీ ఒక తరగతి సరుకుకు కట్టాల్సింది 4,500 రూపాయలు, పెద్ద కంపెనీలకు 9,000. సరుకులనూ సేవలనూ కలిపి 45 తరగతులుగా విడగొట్టారు. పచ్చళ్ళకు నమోదు చేయించుకుని హోటల్‌కు కూడా అదే చెల్లుతుందనుకుంటే పొరబాటు. పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్లో అచ్చయ్యాక నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరూ చెప్పకపోతే, చెప్పినా నిలవకపోతే, పదేళ్ళపాటు హక్కు వస్తుంది, పదేళ్ళకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. పేరు పక్కన ‘టీఎం’ అని ఎవరైనా రాసుకోవచ్చు. వలయంలో ‘ఆర్’ మాత్రం నమోదయ్యాకే వేయాలి. ముందే వేయడం చట్టవిరుద్ధం, ఒకప్పుడు దానికి జైలు కూడా ఉండేది. ఈ సంగతి తెలియక చాలా మిఠాయి కొట్లు, పచ్చళ్ళ సీసాలు ఆ గుర్తును అలంకారంలా వేసుకుంటున్నాయి.

నమోదు లేనివాడికి దారే లేదని కాదు. ఎన్నేళ్ళుగానో వాడుతున్న పేరును వేరొకరు వాడి సరుకు చలామణీ చేస్తే ‘పాసింగ్ ఆఫ్’ అని దావా వేయొచ్చు. కానీ పేరు తనదనీ, జనానికి ఆ సంగతి తెలుసనీ బిల్లులతో, ప్రకటనలతో రుజువు చేసుకోవాలి. నలభై ఏళ్ళుగా చేతి చీటీల మీద వ్యాపారం చేసిన దుకాణదారుకు ఇది కష్టం.

ఆలస్యం మరో శత్రువు. ఖోడే డిస్టిలరీస్ వాళ్ళు 1968లో ‘పీటర్ స్కాట్’ అనే విస్కీ తెచ్చారు. స్కాట్లాండ్‌లోని స్కాచ్ విస్కీ అసోసియేషన్‌కు 1974లోనే సంగతి తెలుసు. నమోదు రద్దు చేయమని అడిగింది 1986లో. 2008లో సుప్రీంకోర్టు ఖోడే పక్షాన తీర్పిచ్చింది. ఇన్నాళ్ళు ఊరుకున్నారెందుకన్న ప్రశ్నకు అంత పెద్ద సంస్థ కూడా సరైన జవాబు చెప్పలేకపోయింది.

కొని మోసపోయినవాడికి వేరే దారులున్నాయి. నకిలీ గుర్తుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అని ట్రేడ్‌మార్క్ చట్టం చెబుతోంది. జీఐ చట్టంలోనూ ఇలాంటి శిక్షలే ఉన్నాయి. మోసపు ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల వరకూ, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా పడొచ్చు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. వీటన్నిటికీ కావలసింది బిల్లు. బిల్లు మీద ‘పొందూరు ఖాదీ’ అని రాసివ్వమంటే కొట్టువాడు నీళ్ళు నమిలితే, సగం విచారణ అక్కడే పూర్తయినట్టు.

జీఐ చట్టంలో నేతగాళ్ళకూ వడ్రంగులకూ పనికొచ్చే ఒక మెలిక ఉంది. గుర్తింపు ఒక సంఘం పేరనో సంస్థ పేరనో ఉన్నా, ఆ సరుకు తయారుచేసే ప్రతి మనిషీ ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైన మనిషి, సంఘం కదలకపోయినా తానే దావా వేయవచ్చు, అదీ తాను ఉండే జిల్లాలోని కోర్టులోనే. సూరత్‌లోనో ఢిల్లీలోనో కూర్చున్న నకలుదారు శ్రీకాకుళం వచ్చి జవాబు చెప్పుకోవాలి. 2020 దాకా ఈ నమోదు దరఖాస్తుకు 500 రూపాయలు ఉండేది. ఆ ఏడాది దాన్ని 10 రూపాయలకు దించారు. గొల్లపల్లి వడ్రంగి పేరూ పొందూరులో రాట్నం తిప్పే మనిషి పేరూ ఆ రిజిస్టరులోకి ఎక్కించే పని మాత్రం ఎవరో ఒకరు ఊరికి వెళ్ళి, ఫారం నింపి, సంతకాలు తీసుకుని చేయాల్సిందే.